షార్లెట్‌లో రేసు డబ్బు ఎక్కడ ఆగుతుంది?

అమెరికాలో షార్లెట్ అనగానే తెలుగువాళ్లకి ముందు గుర్తొచ్చేది బ్యాంకులు. బ్యాంక్ ఆఫ్ అమెరికా హెడ్డాఫీసు అక్కడే, వెల్స్ ఫార్గోకి పెద్ద పెద్ద ఆఫీసులున్నాయి, వాటి ఐటీ పనుల మీద వెళ్లి అక్కడే ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డ మనవాళ్లు బోలెడంతమంది. అదే ఊరి నుంచి ఐ-77 హైవే మీద ఉత్తరంగా ఓ అరగంట పోతే ఇంకో పరిశ్రమ కనిపిస్తుంది. బయటికి గోడౌన్లేమో అనిపించే పొడవాటి షెడ్లు, లోపల వెల్డర్లు, మెషినిస్టులు, ఏరోడైనమిక్స్ ఇంజినీర్లు, రేసు రేసుకీ కంప్యూటర్లో సిమ్యులేషన్లు నడిపేవాళ్లు. అమెరికన్లు ఎక్కువగా చూసే కార్ రేసింగ్ నాస్కార్. దాని పెద్ద టీములు దాదాపు అన్నీ షార్లెట్ నుంచి గంట, గంటన్నర ప్రయాణంలోనే ఉన్నాయి. హెండ్రిక్ కాంకర్డ్‌లో, జో గిబ్స్ హంటర్స్‌విల్‌లో, పెన్స్కీ మూర్స్‌విల్‌లో. ఇవన్నీ షార్లెట్ చుట్టుపక్కల చిన్న ఊళ్లు.

షార్లెట్ పేరు పెట్టుకున్న రేసు ట్రాక్ కూడా నిజానికి షార్లెట్‌లో లేదు. 1960లో మొదలైన షార్లెట్ మోటార్ స్పీడ్‌వే ఉన్నది పక్క కౌంటీలో, కాంకర్డ్ ఊళ్లో. పేరు ఒక ఊరిది, పన్ను ఇంకో ఊరికి. రేసింగ్ వల్ల ఒక నగరానికి ఏం ఒరుగుతుందని లెక్కవేసే ప్రతి చోటా ఈ చిక్కు వస్తుంది. ఎవరు ఖర్చు పెడుతున్నారు, ఆ డబ్బు ఏ ఊళ్లో ఆగుతోంది అన్న రెండూ విడివిడిగా చూడకపోతే లెక్క మొత్తం తప్పుతుంది.

నాస్కార్‌లో అన్నిటికంటే పెద్ద పోటీ కప్ సిరీస్‌లో ఏడాదికి పాయింట్ల రేసులు 36. ఫిబ్రవరిలో మొదలై నవంబరు దాకా దేశమంతా తిరుగుతాయి. వాటిలో షార్లెట్ ట్రాక్ మీద జరిగేవి రెండంటే రెండు, మే నెలాఖరులో ఒకటి, అక్టోబరులో ఒకటి. మిగతా 34 రేసులకీ జనం ఎక్కడెక్కడో హోటళ్లలో దిగుతారు, ఎక్కడెక్కడో టికెట్లు కొంటారు. కానీ ఆ 36 రేసులకీ కార్లు సిద్ధమయ్యేది మాత్రం ఇక్కడే. ఆదివారం ఏ కాలిఫోర్నియాలోనో రేసు అయ్యాక కార్లు మళ్లీ ట్రక్కుల్లో ఈ షెడ్లకే వస్తాయి. విప్పుతారు, కొలుస్తారు, మళ్లీ బిగిస్తారు, వారం తిరక్కుండా ఇంకో ఊరికి పంపిస్తారు. జీతాలు ఇక్కడే అందుతాయి, ఇళ్లు ఇక్కడే కొంటారు, పిల్లల్ని ఇక్కడి బడుల్లోనే వేస్తారు.

జో గిబ్స్ టీము 11 నంబరు కారునే తీసుకోండి. 2005 నుంచి 2024 దాకా దాని మీద ఫెడెక్స్ పేరుండేది. ఫెడెక్స్ మెంఫిస్ కంపెనీ, టెనెసీ రాష్ట్రంలోది. ఆ కంపెనీ ఇచ్చిన స్పాన్సర్ సొమ్ము హంటర్స్‌విల్‌లో మెకానిక్ జీతమయ్యింది. టీవీ హక్కులదీ అదే దారి. 2025 నుంచి ఏడేళ్లకు నాస్కార్ కుదుర్చుకున్న ఒప్పందాలు 770 కోట్ల డాలర్లవి. అందులో టీములకు చేరే వాటాలో పెద్ద భాగం ఈ రెండు మూడు కౌంటీల్లోకే దిగుతుంది. బయటివాళ్ల డబ్బు ఊళ్లోకి తెచ్చే పనికీ, ఊళ్లోవాళ్ల డబ్బే ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చే పనికీ చాలా తేడా ఉంది. షార్లెట్‌వాసి ఒకడు ఆదివారం టికెట్ కొని రేసు చూస్తే, అదే డబ్బు అతను సినిమాకో హోటల్ భోజనానికో పెట్టేవాడే. ఊరికి కొత్తగా వచ్చింది పెద్దగా ఏమీ ఉండదు. స్పాన్సర్ సొమ్ము అలా కాదు, ఆ టీము అక్కడ లేకపోతే ఆ ఊరి మొహమే చూసేది కాదు.

యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా షార్లెట్ క్యాంపస్ ఆర్థికవేత్తలు 2005 సంవత్సరానికి ఒక లెక్క వేశారు. రాష్ట్రం మొత్తం మీద మోటార్‌స్పోర్ట్స్ ప్రభావం సుమారు 590 కోట్ల డాలర్లు, ఉద్యోగాలు దాదాపు 27 వేలు అని తేల్చారు. ఇలాంటి లెక్కల్లో నేరుగా వచ్చిన జీతంతో పాటు ఆ జీతగాడు కొన్న కూరగాయల దాకా కలుపుతారు కాబట్టి అంకెను అలాగే నమ్మక్కర్లేదు. పైగా 2005 అంటే నాస్కార్ వెలిగిపోతున్న రోజులు, 2008 మాంద్యం తర్వాత స్పాన్సర్లు తగ్గారు, ట్రాక్ దగ్గర సీట్లు పీకేశారు, టీములు కొన్ని మూతపడ్డాయి, కొన్ని కలిసిపోయాయి. అయినా ఆ లెక్క చెప్పిన సంగతి ఒకటుంది. ఆ డబ్బులో ఎక్కువ భాగం రేసు రోజు ప్రేక్షకుల నుంచి రాలేదు, టీములూ వాటికి సరుకు అందించే వర్క్‌షాపుల నుంచి వచ్చింది.

ఇదంతా షార్లెట్ చుట్టూనే ఎందుకు చేరిందంటే ఎవరో ప్లాన్ గీసి పెట్టలేదు. ఈ ప్రాంతం ఒకప్పుడు బట్టల మిల్లుల సీమ. పక్కన కొండల్లో నాటుసారా కాచేవాళ్లు, పోలీసుల కంటపడకుండా రాత్రిపూట సరుకు దాటించడానికి మామూలు కార్ల ఇంజిన్లు మార్చి, స్ప్రింగులు గట్టిపరిచి వేగం పెంచుకునేవాళ్లు. 1949 జూన్ 19న షార్లెట్‌లో ఒక మట్టి ట్రాక్ మీద నాస్కార్ మొదటి పెద్ద రేసు జరిగింది. ముందుగా గీత దాటింది గ్లెన్ డనవే కారు. తీరా పరీక్షిస్తే వెనక స్ప్రింగులు రూలుకి విరుద్ధంగా మార్చినవి. సారా బరువుతో కారు వెనక కుంగకుండా చేసే కిటుకు అది. అతన్ని పక్కనపెట్టి రెండో స్థానంలో వచ్చిన జిమ్ రోపర్‌ని విజేతగా ప్రకటించారు. అంటే ఈ పరిశ్రమ నైపుణ్యం కాలేజీల్లో పుట్టలేదు, ఇళ్ల వెనక కొట్టాల్లో పుట్టింది.

ఆ చేతిపనిని పరిశ్రమగా మలిచింది హోల్మన్-మూడీ అనే షాపు. 1950ల చివర్లో షార్లెట్ విమానాశ్రయం దగ్గర పెట్టారు, ఫోర్డ్ కంపెనీ రేసు కార్లన్నీ వీళ్ల చేతుల మీదుగా వెళ్లేవి. అక్కడ పని నేర్చుకున్న కుర్రాళ్లు తర్వాత సొంత షాపులు పెట్టారు, ఇంకొకరి దగ్గర చీఫ్ మెకానిక్‌లయ్యారు. మిల్లు పనివాళ్ల ఇళ్ల నుంచి డ్రైవర్లు కూడా వచ్చారు. కనాపొలిస్ మిల్లు ఊళ్లో పుట్టిన డేల్ ఎర్న్‌హార్ట్ ఏడుసార్లు ఛాంపియన్, అతని నాన్న రాల్ఫ్ మిల్లులో పనిచేస్తూ రేసులు నడిపినవాడు. 1960ల్లో డ్యూక్ పవర్ అనే కరెంటు కంపెనీ వాళ్లు డ్యామ్ కట్టడంతో లేక్ నార్మన్ అనే పెద్ద చెరువు ఏర్పడింది. తర్వాత డబ్బు సంపాదించిన డ్రైవర్లు దాని ఒడ్డున ఇళ్లు కట్టుకుంటే, వాళ్ల షెడ్లూ అటే జరిగాయి. మూర్స్‌విల్ జనాభా 1990లో తొమ్మిది వేల పైచిలుకు, 2020 నాటికి 50 వేలు దాటింది. రేసింగ్ ఒక్కటే కారణం కాదు, ఇంటి సామాన్ల దుకాణాలు నడిపే లోస్ కంపెనీ హెడ్డాఫీసు రావడం, షార్లెట్ నగరం పెరగడం కూడా ఉన్నాయి. కానీ ఆ ఊరు తనను తాను రేస్ సిటీ యూఎస్ఏ అని పిలుచుకుంటుంది, పిలుచుకునే హక్కూ ఉంది.

ఇలా ఒకే చోట చేరడం వల్ల ఏం లాభమో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే నగరాలు కాపీ కొట్టాలనుకుని కొట్టలేకపోయేది దీన్నే. కాంకర్డ్‌లో విండ్‌షియర్ అని ఒక విండ్ టన్నెల్ ఉంది, 2008లో మొదలైంది. మామూలు టన్నెల్‌లో కారు కదలకుండా నిలబడితే గాలి మాత్రమే వీస్తుంది. ఇక్కడ కారు కింద ఉక్కు బెల్టు గంటకు 180 మైళ్ల వేగంతో పరుగెడుతుంది, చక్రాలు నిజంగా తిరుగుతాయి, కాబట్టి రోడ్డు మీద పోయే కారు కింద గాలి ఎలా పోతుందో దాదాపు అలాగే కొలవొచ్చు. దీన్ని అద్దెకు ఇస్తారు. ఇంత ఖరీదైన యంత్రం నిలబడాలంటే రోజూ గిరాకీ కావాలి, పదుల కొద్దీ టీములు కూతవేటు దూరంలో ఉంటేనే ఆ గిరాకీ ఉంటుంది. గేర్‌బాక్సులు చేసే బ్రిటిష్ కంపెనీ ఎక్స్‌ట్రాక్ మూర్స్‌విల్‌లో బ్రాంచి పెట్టిందంటే కారణం అదే. కాంకర్డ్‌లో 1994లో తెరిచిన చిన్న విమానాశ్రయం నుంచి టీముల సొంత విమానాలు ఎగురుతాయి. మూర్స్‌విల్‌లోనే నాస్కార్ పేరుతో మెకానిక్‌లకి శిక్షణ ఇచ్చే సంస్థ ఉంది, షార్లెట్ యూనివర్సిటీలో మోటార్‌స్పోర్ట్స్ ఇంజినీరింగ్ చెబుతారు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది మనుషులు మారడం. ఒక టీము మూతపడితే అక్కడి వెల్డర్ ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు, పిల్లల బడి మార్చక్కర్లేదు, వచ్చే నెల నుంచి పది మైళ్ల అవతల ఇంకో షెడ్డుకి వెళ్తాడు. వెళ్తూ వెళ్తూ పాత షాపులో నేర్చుకున్నదంతా బుర్రలో పెట్టుకుని పోతాడు. టీములకి ఇది కడుపుమంటే, ప్రాంతానికి మాత్రం ఇదే బలం. కోవిడ్ సమయంలో ఇంకో రకంగా కలిసొచ్చింది. అమెరికాలో పెద్ద క్రీడల్లో ముందుగా మళ్లీ మొదలైన వాటిలో నాస్కార్ ఒకటి. 2020 మే 17న డార్లింగ్టన్‌లో, ఆ తర్వాత వారమే షార్లెట్‌లో రేసులు పెట్టారు. రెండూ టీములు పొద్దున కారులో వెళ్లి, రేసు చేసి, రాత్రికి ఇంటికి వచ్చేయగల ట్రాకులే.

మరి ఇంత బలమైన పరిశ్రమ ఉన్నచోట ప్రభుత్వ డబ్బు ఎక్కడ పెట్టారు? బాధ కలిగించేది ఇదే. షార్లెట్ నగరం 2006లో అట్లాంటా, డేటోనా లాంటి ఊళ్లతో పోటీపడి నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం దక్కించుకుంది. హోటల్ గదుల మీద పన్ను 2 శాతం పెంచి, దాదాపు 20 కోట్ల డాలర్లతో నగరం నడిబొడ్డున కట్టి 2010 మేలో తెరిచారు. మొదట్లో కన్సల్టెంట్లు ఏటా 8 లక్షల మంది వస్తారన్నారు, తర్వాత 4 లక్షలకి దించారు, మొదటి ఏడాది వచ్చినవాళ్లు 3 లక్షలు కూడా దాటలేదు. అప్పు తీర్చలేక చివరికి 2015లో బ్యాంకులతో రాజీకి రావాల్సి వచ్చింది. నగరం 50 లక్షల డాలర్లు కట్టింది, బ్యాంకులు కోటీ 70 లక్షల పైచిలుకు వదులుకున్నాయి. మ్యూజియం ఇప్పటికీ నడుస్తోంది, చూడ్డానికి బాగుంటుంది కూడా. కానీ అది పరిశ్రమ కాదు, పరిశ్రమ ఫొటో. షెడ్లకి ఇవ్వాల్సిన ప్రాధాన్యం ఫొటోకి ఇచ్చారు.

ఇంకోటి అంతకంటే ఘోరం. 2007లో షార్లెట్ మోటార్ స్పీడ్‌వే యజమాని బ్రూటన్ స్మిత్ ట్రాక్ పక్కన డ్రాగ్ రేసుల స్ట్రిప్, అంటే కార్లు తిన్నగా కొద్ది దూరం దూసుకుపోయే ట్రాక్, కడతానన్నాడు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు శబ్దం భరించలేమన్నారు, కాంకర్డ్ కౌన్సిల్ కాదంది. అయితే మొత్తం స్పీడ్‌వేనే వేరే చోటికి ఎత్తేస్తానని ఆయన బెదిరించాడు. అంతే, ఊరూ కౌంటీ దిగొచ్చాయి, డ్రాగ్ స్ట్రిప్‌కి అనుమతి, 8 కోట్ల డాలర్ల ప్రోత్సాహకాల ప్యాకేజీ, పైగా రోడ్డుకి ఆయన పేరు. డబ్బు ఎన్నేళ్లలో ఇవ్వాలన్న దాని మీద తర్వాత మళ్లీ గొడవై కోర్టుకెక్కారు, స్పీడ్‌వే ఓడిపోయింది. ఒక ట్రాక్ యజమాని ఒక ఊరిని ఇలా ఆడించగలిగాడంటే, ట్రాక్ పోతే అన్నీ పోతాయని ఊరు భయపడటం వల్లే. నిజానికి ట్రాక్ మూతపడినంత మాత్రాన షెడ్లు ఆ మర్నాడే లేచిపోవు. వాటి పని దేశమంతా జరిగే 36 రేసుల కోసం.

అలాగని షెడ్లకి ప్రమాదం లేదని కాదు. వాటికి గండం రూల్ పుస్తకం నుంచి వస్తుంది. రేసు మధ్యలో చక్రాలు మార్చడానికి ఆగే పిట్ స్టాప్‌లో నట్లు విప్పే గాలి తుపాకీ, ఎయిర్ గన్, చూడ్డానికి చిన్న పనిముట్టు. పెద్ద టీములు సెకనులో పదో వంతు మిగుల్చుకోవడానికి దాన్ని సొంతంగా తయారు చేసుకునేవి, దాని మీదే పనిచేసే ఇంజినీర్లుండేవాళ్లు. 2018లో నాస్కార్ ఇకమీదట అందరూ పావోలీ అనే ఇటలీ కంపెనీ గన్నే వాడాలంది. ఒక్క నిర్ణయంతో ఆ పని మొత్తం ఆగిపోయింది. 2022లో వచ్చిన నెక్స్ట్ జెన్ కారుతో అదే పెద్ద ఎత్తున జరిగింది. అంతకుముందు పెద్ద టీములు కారు చట్రం, అంటే చాసిస్, తామే వెల్డ్ చేసుకునేవి, బాడీ రేకు చేత్తో వంచుకునేవి. ఇప్పుడు చాసిస్, బాడీ, గేర్‌బాక్స్, చక్రాలు, అన్నీ నిర్ణయించిన కంపెనీల దగ్గర కొనాలి. ఒక్కో నంబరుకి టీము దగ్గర ఏడు కార్లే ఉండాలి. ఖర్చు తగ్గించి కొత్త టీములు రావాలన్నది ఉద్దేశం, అందులో తప్పు లేదు. కానీ రేకు పనివాళ్ల, ఫ్యాబ్రికేటర్ల చేతిలో పని పోయింది. చాసిస్ చేసే టెక్నిక్ అనే కంపెనీ షాపు కాంకర్డ్‌లోనే పెట్టింది కాబట్టి ఆ భాగం డబ్బు ప్రాంతం దాటలేదు. బాడీ విస్కాన్సిన్ నుంచి వస్తుంది. ఇలాంటి నిర్ణయాల్లో కౌంటీ అధికారులకి ఓటు లేదు, కనీసం తమ మాట చెప్పుకునే చోటు కూడా లేదు.

ఈ భయానికి ఒకే మందు, రేసింగ్‌లో నేర్చుకున్న పనిని రేసింగ్ కాని చోట అమ్మడం. అది మెల్లగా మొదలైంది. అమెరికా సైన్యం కోసం తేలికపాటి స్క్వాడ్ వాహనాన్ని జీఎం డిఫెన్స్ 2021 నుంచి కాంకర్డ్‌లోనే తయారు చేస్తోంది, ఆ పనిలో హెండ్రిక్ మోటార్‌స్పోర్ట్స్ భాగస్వామి. గొట్టాలు వంచి, వెల్డ్ చేసి, మనిషిని కాపాడే పంజరం కట్టడం రేసు షాపుకి రోజువారీ పని, సైన్యానికి కావాల్సిందీ అదే. మూర్స్‌విల్‌లోని కార్విడ్ టెక్నాలజీస్ రేసు కార్లకి చేసిన కంప్యూటర్ లెక్కల నైపుణ్యంతోనే క్షిపణి రక్షణ పనులూ చేస్తుంది. ఇవి వేల ఉద్యోగాలిచ్చేవి కావు. 2003 జులైలో కనాపొలిస్‌లో పిల్లోటెక్స్ మిల్లు మూతపడితే ఒక్క రోజే ఆ ప్రాంతంలో నాలుగు వేలకి పైగా మంది రోడ్డున పడ్డారు, వాళ్లందరినీ రేసింగ్ ఇముడ్చుకోలేదు, ఇముడ్చుకోగలిగే పరిశ్రమ కూడా కాదు. మగ్గం నడిపిన యాభై ఏళ్ల మనిషి ఏరోడైనమిక్స్ ఇంజినీరు కాలేడు కదా.

ఇప్పుడు హైదరాబాద్ సంగతి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సెక్రటేరియట్, ఎన్టీఆర్ మార్గ్ చుట్టూ ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది, ఫ్రెంచ్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నగరానికి దాదాపు 8.4 కోట్ల డాలర్ల, అంటే సుమారు 700 కోట్ల రూపాయల ప్రయోజనం కలిగిందని నిర్వాహకులు నీల్సన్ అనే సర్వే సంస్థ అధ్యయనం చూపించారు. రోజుల తరబడి ట్యాంక్‌బండ్ చుట్టుపక్కల ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్ల లెక్క మాత్రం అందులో ఎవరూ వేయరు. ప్రభుత్వం మారింది, 2024 ఫిబ్రవరి రేసు నెల ముందు రద్దయింది, చెల్లింపుల వ్యవహారం ఏసీబీ కేసు దాకా వెళ్లింది. ఎవరిది తప్పన్నది కోర్టులు తేలుస్తాయి. ఆర్థికంగా చూస్తే అసలు ప్రశ్న వేరే. ఆ కార్లు విమానాల్లో వచ్చాయి, విమానాల్లో వెళ్లిపోయాయి. చాసిస్ ఫ్రాన్స్ కంపెనీది, బ్యాటరీ ఇంగ్లండ్‌ది. పోటీపడ్డ భారతీయ టీము మహీంద్రా రేసింగ్ వర్క్‌షాపు కూడా ఇంగ్లండ్‌లోని బాన్‌బరీలో ఉంది. అంతకుముందు ఫోర్స్ ఇండియా పేరుతో ఫార్ములా వన్‌లో పదేళ్లు నడిచిన టీము షాపు సిల్వర్‌స్టోన్ ట్రాక్ ఎదురుగా ఉండేది. భారతదేశం జెండా, జీతాలు ఇంగ్లండ్‌లో. గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ కట్టి 2011 నుంచి మూడేళ్లు ఫార్ములా వన్ నడిపారు, పన్నుల గొడవలతో ఆగిపోయింది. అంత పెద్ద ట్రాక్ చుట్టూ రేసు కార్లు తయారుచేసే ఊరు మాత్రం ఏర్పడలేదు.

దానికి భిన్నంగా కోయంబత్తూరు. అక్కడ మిల్లుల్లో చాలావాటిని పెట్టినవి తెలుగు మూలాలున్న నాయుడు కుటుంబాలే. మిల్లుల కోసం మెషిన్ షాపులు వచ్చాయి, ఫౌండ్రీలు వచ్చాయి, పంపుసెట్లు వచ్చాయి. మిల్లుల కుటుంబం నుంచే వచ్చిన కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి అనే చవకైన రేసు కారు తయారు చేశాడు. 1995లో విమాన ప్రమాదంలో చనిపోయాడు, ఆయన పేరుతో చెట్టిపాళయంలో కారి మోటార్ స్పీడ్‌వే 2003లో తెరిచారు. గొలుసులు చేసే ఎల్‌జీబీ కంపెనీ అక్కడ సింగిల్ సీటర్లు, అంటే ఒక్కరే కూర్చునే రేసు కార్లు, తయారు చేసింది. ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడు నరేన్ కార్తికేయన్ ఆ ఊరివాడే. షార్లెట్‌తో పోలిస్తే ఇదంతా చాలా చిన్నది, కానీ పుట్టిన వరుస అదే. ముందు చేతిపని, తర్వాత కారు, ఆఖరున ట్రాక్.

హైదరాబాద్‌లో ఆ మొదటి మెట్టు లేదనుకుంటే పొరపాటు. బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, దాని చుట్టూ టర్నర్లు, ఫిట్టర్లు, డైమేకర్లు తరం తర్వాత తరం తయారయ్యారు. చర్లపల్లి, జీడిమెట్ల షెడ్లలో క్షిపణుల భాగాలు చేస్తున్నారు, ఆదిభట్లలో విమానాల భాగాలు చేస్తున్నారు. మైక్రాన్ల లెక్కలో పనిచేసే చేతులు, కాంపోజిట్లు తెలిసిన ఇంజినీర్లు ఇక్కడ ఉన్నారు. ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు ఏటా బాహా, ఫార్ములా స్టూడెంట్ పోటీల కోసం కార్లు కడతారు. గొట్టాలు వంచడానికి, హబ్‌లు చెక్కించుకోవడానికి ఈ షెడ్లకే వస్తారు, చందాలు పోగేసుకుని డబ్బు కడతారు. కట్టిన కారును పరీక్షించుకోవడానికి మాత్రం చాలామందికి కాలేజీ పార్కింగ్ స్థలమో, లోపలి రోడ్డో తప్ప గతి లేదు. కోయంబత్తూరు ట్రాక్ పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. అంతటి ట్రాక్ ఒకటి ఊరి బయట కట్టి, వారంలో ఐదు రోజులు ఈ పిల్లలకీ, ఈవీ స్టార్టప్‌లకీ, టైర్ల కంపెనీలకీ గంటల లెక్కన అద్దెకిస్తే, బాలానగర్ షెడ్లకి ఏడాది పొడవునా కొత్త ఆర్డర్లు వచ్చే దారి ఏర్పడుతుంది. దానికి పెద్ద పేరున్న డ్రైవర్లూ అక్కర్లేదు, ట్యాంక్‌బండ్ మూసేయడమూ అక్కర్లేదు.